తోటలో చిన్న ట్రాక్టరు



ఈమధ్య ఏ ఊరెళ్లినా మినీ ట్రాక్టరు మాట వస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగాక ఆ మాట ఇంకాస్త పెరిగింది. అందరూ అడిగేది ఒకటే. "నాకు ఆరెకరాల మామిడి తోట ఉందండీ, కొనొచ్చా? పదెకరాలుంటేగానీ గిట్టదంటున్నారు, నిజమేనా?" ఎకరాల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ దొడ్లో, తోటలో, గట్ల మీద ఏడాది పొడుగునా ఏమేం పనులున్నాయో చెప్పండి అంటాను నేను. చిన్న ట్రాక్టరును దుక్కి కోసమే కొంటే చేతులు కాలతాయి. లోతు దుక్కి ఏడాదికి ఒకసారో రెండుసార్లో. దానికి 45 హార్స్‌పవర్ ట్రాక్టరును బాడుగకు పిలిస్తే పూటలో తెమిలిపోతుంది. బాడుగకు ఎవరూ రాని పనులు వేరే ఉన్నాయి. రెండు ట్రక్కుల పెంట తోలడానికి, కంచెకు పది గుంతలు తవ్వడానికి, నాలుగు చెట్ల మధ్య గడ్డి కొట్టడానికి ఎవరొస్తారు చెప్పండి? వస్తామన్నా ఇవాళ, రేపు అంటూ వారం తిప్పుతారు. చిన్నది కొనాల్సింది ఆ పనుల కోసం.

చిన్న ట్రాక్టరంటే మన దగ్గర 15 నుంచి 30 హార్స్‌పవర్ లోపు బండి. బాగా చిన్నవాటి బరువు 800 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, వెడల్పు మూడడుగుల పైచిలుకు. 15 హార్స్‌పవర్‌లో మహీంద్రా యువరాజ్, స్వరాజ్ 717, 18 దాటితే వీఎస్టీ శక్తి, 24లో కుబోటా, మహీంద్రా జీవో, ఇలా చాలా ఉన్నాయి. మహీంద్రావాళ్లు 2023 ఆగస్టు 15న తెచ్చిన ఓజా ట్రాక్టర్లు మన తెలంగాణలోని జహీరాబాద్ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. ఏ కంపెనీది కొనాలన్నది నేను చెప్పను. మీ ఊరికి దగ్గర్లో మెకానిక్ ఎవరిది బాగుచేయగలడో అదే మంచి కంపెనీ.

పవర్ టిల్లరుంది కదా, ఇదెందుకు అనేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. రెండడుగుల వెడల్పున దున్నే టిల్లరుతో ఎకరం ఒకసారి తిప్పాలంటే దాని వెనక దాదాపు ఆరేడు కిలోమీటర్లు నడవాలి, అదీ దున్నిన గుల్ల నేలలో, చేతులు అదిరిపోతుంటే. యాభై దాటిన మనిషి చేసే పని కాదది. చిన్న ట్రాక్టరుకు మూడడుగుల పైన రోటవేటర్ తగిలించి కూర్చుంటే ఎకరం రెండు గంటల పని.

ఇప్పుడు తోటలోకి వెళదాం. ఏలూరు జిల్లా నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలనే తీసుకుంటాను, నేను ఎక్కువగా తిరిగింది అక్కడే. బంగినపల్లి, చిన్న రసాలు, కలెక్టరు. పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం ఉంటుంది, అంటే ఎకరానికి 40 చెట్లు. చెట్టు పెద్దదయ్యాక కొమ్మలు నేలకు మనిషి ఎత్తులో వాలతాయి. పెద్ద ట్రాక్టరు లోపలికి వెళ్లిందంటే నిటారుగా ఉన్న పొగగొట్టం కొమ్మల్ని చీరుకుంటూ పోతుంది. ఏ కొమ్మనైతే అది విరిచిందో ఆ కొమ్మకే వచ్చే ఏడు కాయ కాసేది. తోట కోసం కొనేవాళ్లు పొగగొట్టం కిందికి దించిన బండిని అడగండి.

జూన్ నెలాఖరుకు కోతలైపోతాయి. తొలకరి పడగానే చెట్లకు ఎరువు పెట్టాలి. కాపు చెట్టుకు 50 కిలోల పశువుల ఎరువు వేస్తారనుకుంటే ఎకరానికి రెండు టన్నులు, ఆరెకరాలకు 12 టన్నులు. చిన్న ట్రక్కులో ఆరేడు వందల కిలోలు పడుతుంది. అంటే పెంటకుప్ప దగ్గర్నుంచి తోటలోకి సుమారు ఇరవై తిరుగుళ్లు. ఇదే గంపలతో మోయించాలంటే ఎందరు కూలీలు కావాలో, ఆ రోజుల్లో నాట్లకు పోకుండా ఎవరు దొరుకుతారో మీకే తెలుసు. ట్రక్కును చెట్ల వరసలోకి తీసుకుపోయి చెట్టు దగ్గరే దించుతారు కాబట్టి మోత ఉండదు, పారతో లాగడమే.

ఆ తర్వాత గడ్డి. వరసల మధ్య రోటవేటర్ తిప్పుతారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మామిడికి ఆహారం తీసుకునే పిల్లవేర్లు నేల పైపొరల్లోనే, కొమ్మల నీడ అంచు చుట్టూ ఎక్కువగా ఉంటాయి. రోటవేటర్ మూడు నాలుగు అంగుళాలకు మించి దిగితే గడ్డితోపాటు వాటినీ కోసేస్తుంది. లిఫ్టు లీవరు చేతిలో ఉంది కదా అని పూర్తిగా వదిలేయకండి. పక్కనున్న స్కిడ్డు పట్టీని బోల్టు మార్చి పైకో కిందికో జరిపితే లోతు దానంతటదే ఆగుతుంది. నీడ కింద అసలు రోటవేటర్ పెట్టొద్దు, అక్కడ గడ్డి కోసే కట్టరుతో సరిపెట్టండి. కోసిన గడ్డి అక్కడే పడుంటే తేమా నిలుస్తుంది. ఇంకోటి, ఏటా అదే లోతున రోటవేటరే తిప్పుతూ పోతే ఆ కత్తుల కింద నేల గట్టి పొర కడుతుంది, వాన నీరు దిగదు. రెండు మూడేళ్లకోసారి గొర్రు వేయించాల్సిందే. ఆ పనికి చిన్నదాని బలం చాలదు, పెద్ద ట్రాక్టరును పిలవండి. అక్టోబరు దాటాక తోటలో దున్నకాలు ఆపేయడం మంచిది. పూతకు ముందు రెండు మూడు నెలలు మామిడి చెట్టు ఎండును కోరుకుంటుంది.

రోటవేటరును, మందు పంపును, గుంతల ఆగర్‌ను తిప్పేది వెనకనున్న పీటీవో షాఫ్టు. దాని గురించి కొంచెం ఆగి మాట్లాడతాను, ఎందుకంటే ట్రాక్టరు కొన్న ఇంట్లో అందరికంటే ముందు తెలియాల్సింది ఇదే. ఆ షాఫ్టు ముప్పై అయిదు మిల్లీమీటర్ల మందం, దాని మీద ఆరు గాడులుంటాయి. తగిలించేటప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోండి. పనిముట్టును దానికి కలిపే జాయింటు షాఫ్టు కొసనున్న పిన్నును బొటనవేలితో నొక్కి పట్టి, గాడులు కలిసేదాకా కాస్త ఇటూ అటూ తిప్పుతూ లోపలికి తోయాలి. పిన్ను టక్కుమని బయటికి లేవాలి. లేచిందనుకుని వదిలేయకండి, వెనక్కి గుంజి చూడండి. ఆ షాఫ్టు మీద పసుపు పచ్చని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే చిన్న గొలుసు ఉంటుంది. మన దగ్గర నెల తిరక్కుండా ఆ గొట్టం పగులుతుంది, ఆ గొలుసు గేదెను కట్టడానికి పోతుంది.

ఆ గొట్టం అందానికి పెట్టింది కాదు. పీటీవో నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. నాలుగంగుళాల మందమున్న జాయింటుకు కండువా అంచు చిక్కిందనుకోండి, ఒక్క సెకనులో రెండు మీటర్లకు మించి చుట్టేస్తుంది. కండువా పొడుగే అంత. మెడ చుట్టూ ఉన్నది విప్పుకునే వ్యవధి లేదు. పంచె కుచ్చెళ్లు, చీర కొంగు, లుంగీ, విప్పి వదిలేసిన జడ, అన్నిటికీ ఇదే గతి. పీటీవో తిరుగుతుండగా షాఫ్టు మీంచి దాటొద్దు, రోటవేటర్‌లో చిక్కిన తీగను కాలితో తన్నొద్దు. "ఒక్క క్షణమేలే బాబాయ్" అనే కుర్రాడి చేతికి ట్రాక్టరు ఇవ్వకండి.

పూత సమయానికి, అంటే డిసెంబరు, జనవరి నెలల్లో, తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టాలి. ఇరవై అడుగుల చెట్టు చిటారుకు వీపు మీది తైవాన్ పంపు అందదు. పీటీవో మీద నడిచే పంపు పెట్టి, పొడుగు పైపు లాగితే ఒకచోట బండి ఆపి నాలుగు చెట్లు తడపొచ్చు. నీళ్ల ట్యాంకును మాత్రం వెనక లిఫ్టు మీద ఎత్తొద్దు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటి లిఫ్టు శక్తి 500 నుంచి 800 కిలోల దాకా ఉంటుంది, 500 లీటర్ల నీళ్లే అర టన్ను. లిఫ్టు ఎత్తగలిగినా ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు మాట వినదు. ట్యాంకును చక్రాలున్న బండి మీద పెట్టి లాగండి. పనయ్యాక ట్రాక్టరును కడగండి, గంధకం మందు రేకును తినేస్తుంది.

ఈ లిఫ్టు, మూడు చేతులతో పనిముట్టును పట్టుకునే ఏర్పాటు, ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ తెచ్చింది. 1926లో పేటెంటు తీసుకున్నాడు, 1939లో ఫోర్డుతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరుతో అది లోకమంతా పాకింది. అంతకు ముందు నాగలిని వెనక తగిలించి లాగేవాళ్లు. నాగలి బండరాయికి తగిలి ఆగిపోతే వెనక చక్రాలు తిరగలేక, ఆ బలానికి ట్రాక్టరు ముందుభాగం గాల్లోకి లేచి డ్రైవరు మీద బోర్లా పడేది. ఫెర్గూసన్ పైన పెట్టిన మూడో చేయి, మనం టాప్ లింకు అనేది, అలాంటప్పుడు ముందుభాగాన్ని కిందికి అదిమి పడుతుంది. ఏనాడో ఆయన తీర్చిన ప్రమాదాన్ని మనం మొద్దులు పీకేటప్పుడు మళ్లీ తెచ్చుకుంటున్నాం.

పాత చెట్టు కొట్టేశాక మొద్దు మిగులుతుంది. దానికి గొలుసు బిగించి, రెండో కొసను టాప్ లింకు పెట్టే చోట కడతారు, ఎందుకంటే వంగకుండా అందేది అదే. వెనక ఇరుసుకంటే ఎత్తులో కట్టి లాగితే మొద్దు కదలనప్పుడు ట్రాక్టరే లేస్తుంది. ఆలోచించేలోపు అయిపోతుంది. లాగాల్సినదేదైనా కింద డ్రాబారుకే కట్టాలి, అదీ తక్కువ గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ. అసలు నన్నడిగితే 800 కిలోల బండితో మామిడి మొద్దు పీకే ప్రయత్నమే చేయొద్దంటాను. చుట్టూ తవ్వి, వేర్లు నరికి, కదిలాక లాగండి. లేదా ఊళ్లోకి జేసీబీ వచ్చిన రోజు కాసేపు పిలవండి.

బోర్లాపడితే డ్రైవరును కాపాడే ఇనుప చట్రం, రోప్స్ అంటారు, స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి. మన చిన్న బండ్లలో చాలావాటికి అది రాదు. పెట్టించుకోగలిగితే మడిచే రకం పెట్టించండి, కొమ్మల కిందికి వెళ్లినప్పుడు దించుకుని, గట్టెక్కేటప్పుడు నిలబెట్టుకోవచ్చు. నిలబెట్టినప్పుడు సీటు బెల్టు పెట్టుకుంటేనే దాని వల్ల ఉపయోగం.

ట్రక్కు పనికి వద్దాం. పెంట తోలడం, చెరువు మట్టి తోలడం, పచ్చగడ్డి మోపులు, కాయల పెట్టెలు, ఇంటికి ఇసుక, పొయ్యిలోకి కర్రలు, నిజానికి ఇంట్లో ట్రాక్టరుంటే ఎక్కువ రోజులు తిరిగేది ఇందుకే. టన్ను బరువున్న ట్రక్కు 800 కిలోల ట్రాక్టరు వెనక ఉందంటే, చదును నేలలో బండి ట్రక్కును లాగుతుంది, చెరువు కట్ట దిగేటప్పుడు ట్రక్కే బండిని తోస్తుంది. మన ట్రక్కులకు బ్రేకులుండవు చాలా వాటికి. కాబట్టి కట్ట దిగబోయే ముందే తక్కువ గేరులో వేసుకోవాలి, దిగుతూ క్లచ్ నొక్కకూడదు, డీజిలు ఆదా అని న్యూట్రల్ చేయడం మరీ దారుణం. ట్రాక్టరుకు ఎడమ కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి, చెట్ల వరస చివర గిర్రున తిప్పుకోవడానికి. రోడ్డెక్కే ముందు ఆ రెండిటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క పెడలే నొక్కారంటే బండి ఆ వైపుకు గిరుక్కున తిరిగి పల్టీ కొడుతుంది. రాత్రిళ్లు ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు ఉండాలి. పదుల రూపాయల ఖర్చు, మోటారు సైకిలు మీద వెనకొచ్చేవాడి ప్రాణం.

వరి ఉన్నవాళ్లు కేజ్ వీల్స్ వేసి దమ్ముకు వాడతారు. తేలిక బండి కాబట్టి పెద్దదానిలా దిగబడదు. ఆ చక్రాలతో తారు రోడ్డు మీద మాత్రం నడపకండి. పత్తి వేసేవాళ్లకు, సాళ్ల మధ్య నాలుగడుగులుంటే, మొక్క మోకాలెత్తు వచ్చేదాకా అంతరసేద్యానికి వాడొచ్చు. అంతకు మించి పెరిగాక కొమ్మలు విరుస్తుంది.

కంచె స్తంభాలకు, మొక్కలకు గుంతలు తవ్వే ఆగర్ సరదా పరికరం. పిల్లలు చుట్టూ చేరతారు, వాళ్లను దూరం పంపాకే మొదలుపెట్టండి. ఒకేసారి మూడడుగులు దించకూడదు. అడుగు దించి, పైకెత్తి మట్టి విసరనివ్వాలి, మళ్లీ దించాలి. లేదంటే మర మేకులా భూమిలోకి దిగి ఇరుక్కుంటుంది, లిఫ్టుకు లేవదు. అప్పుడు ఇంజను ఆపి, పైపు రెంచితో ఎదురు తిప్పుకుంటూ విప్పాలి. నల్లరేగడిలోనూ బంక నేలలోనూ ఇంకో ఇబ్బంది ఉంది. తిరిగే ఆగర్ గుంత గోడలను నున్నగా పులిమేస్తుంది, నీరు ఇంకదు, మొక్క వేరు ఆ గోడను దాటలేక లోపలే చుట్టుకుంటుంది. మొక్క పెట్టే ముందు గునపంతో ఆ గోడలు నాలుగు వైపులా పొడిచి గరుకు చేయండి. మామిడికీ కొబ్బరికీ మీటరు గుంత కావాలి. ఆగర్‌తో నాలుగు బోర్లు పక్కపక్కన వేసి మిగతాది పారతో తీస్తే పని సగమవుతుంది.

అన్నీ ట్రాక్టరుతోనే చేయాలని లేదు. గడ్డి ముక్కలు కొట్టే యంత్రాన్ని పీటీవోకు తగిలించి చూపిస్తుంటారు డీలర్లు. రెండు హార్స్‌పవర్ కరెంటు మోటారు చేసే పనికి 15 హార్స్‌పవర్ ఇంజను తిప్పడం ఏం లెక్క? పనినిబట్టి ఈ బండ్లు గంటకు లీటరున్నర నుంచి మూడు లీటర్ల డీజిలు తాగుతాయి. రోజూ పొద్దునా సాయంత్రం పాలగేదెలకు గడ్డి కొట్టే పని కరెంటుకే వదిలేయండి.

ఇక ఆరెకరాల లెక్క. రోటవేటర్ ఏడాదికి మూడుసార్లు, ముప్పై ఆరు గంటలు. పెంట పదిహేను గంటలు. మందు మూడు విడతలు, ఇంకో ముప్పై ఆరు. కాయల మోత, గడ్డి, మట్టి, చిల్లర పనులన్నీ కలిపితే మరో యాభై అరవై. మొత్తం నూట యాభై గంటల లోపే. ఇంత డబ్బు పెట్టిన బండికి ఇది తక్కువ. అందుకే ఇద్దరన్నదమ్ములో, పక్కపక్క తోటలవాళ్లో కలిసి కొనమంటాను. కలిసి కొన్న రోజే ఓ నోటుపుస్తకం పెట్టి ఎవరు ఎన్ని గంటలు నడిపారో, ఎవరు ఎంత డీజిలు పోశారో రాయడం మొదలుపెట్టండి. గట్టు తగాదాకంటే డీజిలు తగాదా చెడ్డది.

సర్వీసు విషయం. చాలా బండ్లకు 250 గంటలకోసారి ఇంజనాయిలు మార్చమంటారు. మన వాడకానికి అన్ని గంటలు తిరగడానికి ఏడాదిన్నర దాటుతుంది, అలాగని అదే ఆయిలుతో అంతకాలం నడపకూడదు. గంటలు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చండి. ఎండు నేలలో రోటవేటర్ తిప్పిన రోజు ఎయిర్ క్లీనరు కింద ఆయిలు గిన్నె విప్పి చూడండి, బురదలా కనిపిస్తే పారబోసి గుర్తు దాకా కొత్త ఆయిలు పోయండి. ఇంజను అరిగేది దుమ్ముతోనే. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న గడ్డి నూగు దులపండి.

పాత బండి కొనేవాళ్లు చాలామంది రంగు చూసి మోసపోతున్నారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీ ముందే స్టార్టు చేయించండి, ముందే వేడి చేసి ఉంచారేమో బానెట్ మీద చేయి పెట్టి చూడండి. స్టార్టయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోందన్నమాట. రోటవేటర్ తగిలించి, లిఫ్టు పూర్తిగా ఎత్తి, ఇంజను ఆపి కాసేపు మాట్లాడుతూ నిలబడండి. ఎత్తిన పనిముట్టు మెల్లగా దిగజారిపోతుంటే హైడ్రాలిక్ సీళ్లు పోయినట్టే, బేరంలో ఆ ఖర్చు తగ్గించండి. పనిముట్టు నేలకు దించాక, ఇంజను ఆపి ఉండగానే, పీటీవో షాఫ్టు గాడులను వేలితో తడమండి. అంచులు పదునుగా ఉంటే సరే, గుండ్రంగా అరిగి ఉంటే ఆ బండి ఎవరి దగ్గరో బాడుగకు బాగా తిరిగింది. ఆర్‌సీ మీద పేరు, ఫైనాన్సు బాకీ తీరిన కాగితం చూడకుండా బయానా ఇవ్వకండి.